తెప్ప మీద మూడు రోజులు

విహారం అనే మాట మన ఇళ్ళల్లో ఒంటరిగా వినపడదు. తీర్థయాత్రకి వెళ్ళినప్పుడు, మొక్కులన్నీ తీరాక ఓ పూట మిగిలితే ఆ పూట చేసేది విహారం. పెళ్ళికని పొరుగూరు వెళ్ళి, తిరుగు రైలుకి టైముంటే చేసేది విహారం. అంతేగాని ఎక్కడికీ చేరనక్కర్లేకుండా, ఏ చుట్టాన్నీ పలకరించనక్కర్లేకుండా, ఒట్టి గాలి కోసం డబ్బిచ్చి, మూడు రోజులు సముద్రం మీద తిరిగి మళ్ళీ ఎక్కిన చోటే దిగడమంటే వినడానికే పాపంలా ఉంటుంది. పాపమేమీ కాదు లెండి. నేను చేసి వచ్చేను. ఈ వారం ఆ ముచ్చటే.

సముద్ర విహారాలు మన వైపు వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు. 2022 జూన్‌లో కార్డీలియా వారి ‘ఎంప్రెస్’ ఓడ విశాఖ రేవుకి వచ్చింది. మా వీధిలోంచి ఒక కుటుంబం అందులో వెళ్ళి వచ్చి, నెల రోజులు మమ్మల్ని ఊరించేరు. పది పైచిలుకు అంతస్తులట, ఈతకొలనట, రాత్రిళ్ళు ఆటపాటలట. 2023లో ఇలాంటి ఓడల ప్రయాణికుల కోసమే విశాఖ రేవులో ఒక భవనం కూడా తెరిచేరు. నాకు మాత్రం ఆ వర్ణనంతా వింటే, హోటలు ఒకటి కాళ్ళు జారి నీళ్ళలో పడ్డట్టు అనిపించింది. నేను చెప్పబోయేది ఆ ఓడ సంగతి కాదు. తెరచాప ఎత్తి గాలికి నడిచే చిన్న పడవ సంగతి.

మన సముద్రం గురించి ఒక్క మాట చెప్పి అసలు కథలోకి వస్తాను. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. మా విజయనగరానికి 28 కిలోమీటర్లే గాని, మాకూ ఉంది సుమండీ! ఇంత సముద్రం పక్కనే పెట్టుకుని మనం చేసే షోకు ఏమిటయ్యా అంటే, మాఘపూర్ణిమ నాడు కళింగపట్నమో, భీమిలో వెళ్ళి, మూడు మునకలు వేసి, పులిహోర తిని, ఇసక దులుపుకుని ఇంటికి రావడం. అంతకు మించి సముద్రంతో పని పడ్డవాళ్ళు మనలో రెండే రకాలు. వేటకి వెళ్ళినవాళ్ళు, పొట్ట చేత పట్టుకుని ఓడెక్కినవాళ్ళు.

మొదటి రకం వాళ్ళ కథ ఇప్పుడు దేశానికంతా తెలుసు. ఇంత తీరం ఉన్నా సరైన రేవు లేక, మన మత్స్యకారులు ఏటేటా గుజరాత్‌లోని వీరావల్ దాకా వెళ్ళి, పరాయి మరబోట్ల మీద కూలికి వేట చేస్తారు. అలా వెళ్ళినవాళ్ళు 2018 చివర్లో సరిహద్దు దాటేరని పాకిస్తాన్ వాళ్ళ చేతికి చిక్కేరు. కె. మచ్చిలేశం వంటి పల్లెల్లో ఆడవాళ్ళు ఏడాది పైగా కళ్ళల్లో ఒత్తులు వేసుకుని ఎదురు చూసేరు. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా దగ్గర మన గడ్డ మీద అడుగుపెట్టేరు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమా ఆ కథే.

రెండో రకం వాళ్ళు రంగూన్ వెళ్ళినవాళ్ళు. మన జిల్లాల్లో ముసలివాళ్ళున్న ఇంట్లో ఎక్కడ కూర్చున్నా రంగూన్ మాట రాక మానదు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళనందర్నీ కోరంగీలు అనేవారు. 1931 లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షన్నర పైమాటే. రేవులో బస్తాలు మోసినవాళ్ళు, బియ్యం మిల్లుల్లో చేసినవాళ్ళు, రిక్షాలు లాగినవాళ్ళు, ఏ కొద్దిమందో చిన్న చిన్న దుకాణాలు పెట్టుకున్నవాళ్ళు. మా తాతగారు ఆ కొద్దిమందిలో ఒకరు. పప్పూ ఉప్పూ అమ్మే కొట్టు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయం చేసేరు. పెద్ద నోట్లు చెల్లవన్నారు. మర్నాటి నుంచి మా తాతగారు తన కొట్టు ముందు తనే కొనుగోలుదారులా నిలబడవలసి వచ్చింది. లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో తిరిగి వచ్చేరు. మావాళ్ళు 1965లో వచ్చి విశాఖలో దిగేరు. అప్పటికి మా నాన్నకి ఇరవై ఏళ్ళు, ఆయన చెల్లెలు మా బాప్పకి తొమ్మిదేళ్ళు.

ఇక మా ఇంటి సంగతి. కిందటేడు మాఘమాసంలో మావారి షష్టిపూర్తి వచ్చింది. నా లెక్క ప్రకారం హోమం, రెండువందల విస్తళ్ళు, చీరలు పెట్టడం, ఆ తరవాత చీర బాగా లేదన్నవాళ్ళ మాటలు పడడం. మా అమ్మాయి బెంగుళూరు నుంచి ఫోను చేసి, “అమ్మా, హోమం ఇంట్లో చిన్నగా చేయించెయ్యి. ఆ రెండువందల విస్తళ్ళ డబ్బుతో అండమాన్‌లో ఒక తెరచాప పడవ మాట్లాడేను. మూడు పగళ్ళు, రెండు రాత్రులు. నాన్న, నువ్వు, నేను, మీ అల్లుడు. ఇంకో గది ఖాళీ ఉంది” అంది.

“భోజనాలు పెట్టకపోతే ఊళ్ళో ఏమనుకుంటారే?” అన్నాను.

“పెట్టినా అనుకుంటారు గదా” అన్నారు పక్క గదిలోంచి మావారు. ఆయన పెన్షను కాగితాలు చూసుకుంటున్నప్పుడు మాత్రం ఆయనకి చెవులు బాగా వినపడతాయి.

ఖాళీగా ఉన్న గదికి బాప్ప పేరు చెప్పింది కూడా అమ్మాయే. నాకు గుండె గుభేలుమంది. బాప్ప శ్రీకాకుళంలో ఉంటుంది. ఒక్కర్తీ ఉంటుంది. కళింగపట్నం అంత దగ్గర ఉన్నా, నాకు తెలిసి ఆవిడ సముద్రం ఒడ్డున అడుగుపెట్టి ఎరగదు. మాఘస్నానానికి రమ్మంటే, “నాగావళి ఉండగా ఉప్పునీళ్ళు ఏలనే అమ్మీ?” అనేది. ఎందుకని అడిగే చొరవ మాకెవరికీ లేదు. మా నాన్న ఉన్నన్నాళ్ళూ అంతే, ఓడ మాట ఎత్తితే లేచి పెరట్లోకి పోయేవాడు.

అమ్మాయి ఫోను చేసింది. బాప్ప అంతా విని ఒక్క ప్రశ్న వేసింది. “ఆ సముద్రం, రంగూన్ సముద్రం ఒకటేనేటే?”

మా అల్లుడు భూగోళం చూసి చెప్పేడు. అండమాన్ దీవులకి పడమట ఉన్నది బంగాళాఖాతం, తూర్పున ఉన్నది అండమాన్ సముద్రం. రంగూన్ నది వెళ్ళి కలిసేదీ ఆ తూర్పు సముద్రంలోనే. ఒకటేనమ్మమ్మా అన్నాడు.

ఫోనులో కాసేపు ఏమీ వినపడలేదు. “అయితే వస్తాను” అంది బాప్ప.

2025 ఫిబ్రవరి 10న విశాఖలో విమానం ఎక్కి, చెన్నై మీదుగా పోర్టుబ్లెయిరులో దిగేము. 2024 సెప్టెంబరు నుంచి ఆ ఊరి పేరు శ్రీవిజయపురం. ఆటోవాడు మాత్రం పాత పేరే అంటాడు. దిగిన అరగంటలోనే మా బాప్పకి సగం భయం పోయింది. కారణం భాష! 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి పదముగ్గురు తెలుగువాళ్ళు. అందులోనూ మన మూడు జిల్లాలవాళ్ళు ఎక్కువ. జంగ్లీఘాట్ అనే పేటలో చేపలమ్మే ఆవిడ పక్కావిణ్ణి తిడుతూంటే, సంతబొమ్మాళి సంతలో ఉన్నట్టే ఉంది. “ఏటే, మనూరు ముందే ఒచ్చీసిందా ఇక్కడికి?” అంది బాప్ప.

మర్నాడు పొద్దున్న పడవ ఎక్కేము. పడవని చూస్తే ముందు నవ్వొచ్చింది. రెండు సన్నటి తెల్లని పడవల్ని పక్కపక్కన పెట్టి, వాటి మీద అడ్డంగా ఒక ఇల్లు కట్టినట్టుంది. పొడవు నలభై అడుగుల పైన, వెడల్పు ఇరవై దాటి ఉంటుంది. నాలుగు పడకగదులు కింద, మధ్య వంటిల్లూ కూర్చునే గదీ. ముందు వైపు రెండు పడవల మధ్యా గట్టి వల బిగించేరు, దాని మీద పడుకుంటే కింద నీళ్ళు పరుగెడుతూ కనిపిస్తాయి. నడుమ తెరచాప కొయ్య. ఎంత పొడుగంటారు? మా పైడితల్లమ్మ సిరిమానుని నిలబెట్టినట్టే. మావారు దానికి అప్రయత్నంగా దణ్ణం పెట్టేరు.

దీన్ని కాటమరాన్ అంటారని పడవ సరంగు చెప్పేడు. ఆయన నౌకాదళంలో పనిచేసి విరమించినవాడు, హిందీలో మాట్లాడతాడు. ఈ మాట ఎక్కడిదో తెలుసునా మీకు? కట్టుమరం అనే అరవ మాట. 1697లో డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు అచ్చువేసిన తన యాత్రా గ్రంథంలో, కోరమండల్ తీరంలో దుంగలు కట్టి సముద్రం మీదికి పోయేవాళ్ళ గురించి రాస్తూ ఈ మాట వాడేడు. తరవాత జంట పడవలకి ఇంగ్లీషువాళ్ళు ఆ పేరే తగిలించేరు. నిజానికి జంట పడవల విద్య పసిఫిక్ దీవులవాళ్ళది, పేరు మాత్రం మన తీరానిది. 1876లో హెరెషాఫ్ అనే అమెరికావాడు ఇలాంటి జంట పడవ కట్టి న్యూయార్కు పందెంలో అందర్నీ ఓడిస్తే, ఇకమీదట ఇది పందేలకి రాకూడదని గెంటేసేరట. ఓడినవాళ్ళ న్యాయం ఎక్కడైనా ఒకటే.

మన వైపు ఈ దుంగల పడవనే తెప్ప అంటాం. ఇప్పుడు దుంగల తెప్పలు అరుదు, ఫైబరు తెప్పలకి మోటారు బిగించుకుని పోతున్నారు. ఈ కథంతా నేను బాప్పకి చెబుతూంటే, పడవలో తాళ్ళు సర్దుతున్న కళాసీ కుర్రాడు తలెత్తి, “అవునమ్మా, ఇదీ తెప్పే. రెండు దుంగలు, మజ్జిన మేడ” అన్నాడు.

బారువ పక్క పాలెం కుర్రాడట! ఇరవై రెండేళ్ళుంటాయి. బాప్ప మొహం చూడాలి అప్పుడు. పెట్టెలోంచి పలాస జీడిపప్పు పొట్లం ఎప్పుడు తీసిందో, వాడి చేతిలో ఎప్పుడు పెట్టిందో మాకు తెలీదు.

“ఏటకి ఎల్లవా బాబూ?”

“ఎల్లీవోణ్ణేనమ్మా. మా అయ్యతోటి ఈరావల్ ఎల్లినాను రెండేడులు. ఏటలో సేప పడితేనే డబ్బులు. ఇక్కడ సేప పడకపోయినా జీతం. మా అయ్యకి మాత్రం సిన్నతనంగున్నాది. వల నేకుండా సముద్రం మీద ఏటి సేత్తావురా అంతాడు.”

పడవ రేవు దాటేక మొదటి తగువు వచ్చింది. మేం వెళ్ళవలసిన స్వరాజ్ ద్వీప్, అదే పాత హావ్‌లాక్, ఈశాన్యంగా నలభై కిలోమీటర్ల దూరం. మాఘమాసంలో గాలి వచ్చేదీ ఈశాన్యం నుంచే. గాలికి ఎదురుగా తిన్నగా తెరచాప పడవ పోలేదు. ఎద్దుబండి ఏటవాలు ఎక్కినట్టు, కుడికి కొంత, ఎడమకి కొంత, వంకరటింకరగా పోవాలి. ప్రతి మలుపులోనూ తెరచాప ఈ పక్కనుంచి ఆ పక్కకి దబ్బున పడుతుంది. సరంగు అడిగేడు, “ఇంజను వేస్తే మూడున్నర గంటలు. తెరచాపతో అయితే సాయంత్రం అవుతుంది. ఏం చెయ్యమంటారు?”

మా అల్లుడు కంప్యూటరు ఉద్యోగస్థుడు. సాయంత్రం అనే మాట అతనికి నచ్చదు. “ఇంజనే వెయ్యండి, అక్కడ చూసేవి చాలా ఉన్నాయి” అన్నాడు. మావారు కక్కులు వచ్చేలా ఉందని అల్లుడి పక్షం చేరేరు. (వాంతి రాకుండా ఉండాలంటే గదిలో పడుకోకూడదు. పైన కూర్చుని దూరంగా ఆకాశం, నీళ్ళూ కలిసే గీత చూడాలి, అల్లంముక్క నమలాలి. ఆయనకి చెప్పి చెప్పి నా నోరు పోయింది.) అమ్మాయీ నేనూ తెరచాప అన్నాము. ఇటిద్దరు, అటిద్దరు. అందరం బాప్ప వైపు చూసేము.

“ఇంజను సప్పుడొద్దు” అంది. ఆ గొంతు విన్నాక మా అల్లుడు మళ్ళీ మాట్లాడలేదు.

తెరచాప ఎత్తి ఇంజను ఆపినప్పుడు కలిగే నిశ్శబ్దం గురించి నేనెంత రాసినా చాలదు. లగ్జరీ లగ్జరీ అని ఆ కంపెనీవాళ్ళ కాగితంలో పదిసార్లు ఉంది. పరుపులూ, అద్దాలూ బాగానే ఉన్నాయిగాని, మంచినీళ్ళు మాత్రం కొలిచి వాడుకోవాలి, స్నానానికి చెంబుల లెక్క, మరుగుదొడ్డికి పక్కన మర కొట్టుకోవాలి. నన్నడిగితే ఆ చప్పుడు లేకపోవడమే అందులో ఉన్న అసలు భోగం. నీళ్ళు పడవ పక్కల్ని రాసుకుంటూ పోయే సవ్వడి, తాళ్ళ కిర్రు, అంతే. గంటకి ఏడెనిమిది కిలోమీటర్లు పోతున్నాం. సైకిలు వేగం. ఆ వేగంలో దీవులు ఒక్కొక్కటే పచ్చగా లేచి, మెల్లగా పక్కకి జరుగుతాయి. ఎగిరే చేపలు గుప్పెడు వెండి బిళ్ళలు విసిరినట్టు లేచి పడతాయి. మధ్యాహ్నం వంటవాడు చేపల పులుసు చేసేడు. మా బాప్ప తెచ్చిన ఆవకాయ ముందు అది వెలవెలపోయింది. సరంగు రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు.

దారిలో దీవుల పేర్లు అడిగింది బాప్ప. హావ్‌లాక్, నీల్, అవుట్రాం, లారెన్స్, నికల్సన్. అన్నీ 1857 తిరుగుబాటు నాటి ఇంగ్లీషు దొరల పేర్లు. “మనోళ్ళని కొట్టినోళ్ళ పేర్లేటి దీవులకి?” అంది. 2018 డిసెంబరులో హావ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్, నీల్‌ని షహీద్ ద్వీప్ అని మార్చేరనీ, 2023 జనవరిలో పేరులేని ఇరవై ఒక్క పెద్ద దీవులకి పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టేరనీ చెప్పేము. అప్పటికి శాంతించింది. ఈ దీవుల్లో కొన్ని 1996 నుంచి రాణీ ఝాన్సీ సముద్ర జాతీయవనంలో ఉన్నాయి. అనుమతి లేనిదే దిగకూడదు. మేం దూరం నుంచే చూసేము. గవ్వ, పగడం ముక్క, ఏదీ ఏరకూడదు. దీవుల పడమర, సెంటినెల్ ద్వీపం వైపు అసలు పోనే కూడదు. అక్కడివాళ్ళు మనల్ని రావద్దంటున్నారు. వాళ్ళ ఊరు వాళ్ళిష్టం.

ఆ రాత్రి దీవి చాటున లంగరు వేసేము. తెల్లవారితే మాఘపూర్ణిమ. అమావాస్య రోజుల్లో అయితే అక్కడి నీళ్ళు చేత్తో కదిపితే మిణుగురుల్లా మెరుస్తాయట. మాకు వెన్నెలే దక్కింది, తక్కువేమీ కాదు. అందరూ పడుకున్నాక బాప్ప, నేను ముందు వైపు వల మీద కూర్చున్నాం. కళాసీ కుర్రాడు అవతల తాడు చుట్టుకుంటున్నాడు.

ఏమీ అడక్కుండానే మొదలు పెట్టింది.

“నానమ్మ కూడా మాతోటి బయల్దేరింది. మీ తాతమ్మ. రంగూన్ రేవులో ఒంటి మీద బంగారం ఉంచుకోకూడదన్నారు. దాని చేతి గాజులు ఎన్నాళ్ళవో, రాలేదు. సబ్బు రాసి లాగేరు. చర్మం ఊడొచ్చింది. ఓడలో మాకు దొరికింది కింద, ఇంజను మీద చోటు. రాత్రీ పగలూ ధడధడ, ధడధడ, తల కింద. నానమ్మ ఆ సప్పుడికే పోయిందని నాకు. మూడో రోజు పొద్దున్న. తెల్లగుడ్డలో చుట్టేరు. మా నాన్న వాళ్ళ కాళ్ళు పట్టుకున్నాడు, ఒక్క నిముషం ఓడ ఆపండి, మంత్రం చెప్పుకుంటాను అని. ఆపలేదు. అంతమంది జనం, ఎలా ఆపుతారు? జారవిడిచేసేరు. నేను వెనక్కి పరుగెత్తి చూసేను. నీళ్ళు కలిసిపోయేయి. ధడధడ మాత్రం అలాగే ఉంది.”

తరవాత ఏటేటా తాతగారు నాగావళి ఒడ్డున తిథి పెట్టేవారు. ఆయన తరవాత మా నాన్న. “ఆడదాన్ని, నన్నెవరు పెట్టమంటారు?” అని నవ్వింది బాప్ప. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను గాని, అనడానికి మాట దొరకలేదు. యాభై ఏళ్ళ పైబడి ఆవిణ్ణి చూస్తున్నాను. తాతమ్మ ఓడ మీద పోయిందన్న సంగతే మాకు తెలీదు.

పొద్దున్న లంగరు ఎత్తి, దీవి చాటు దాటి బయటి నీళ్ళలోకి వచ్చేక, బాప్ప సరంగు దగ్గరికి వెళ్ళింది. అమ్మాయి హిందీలోకి మార్చి చెప్పింది. ఆయన పటం తెచ్చి పరిచేడు. రంగూన్ ఇక్కడికి ఉత్తరంగా, కొంచెం తూర్పుకి, ఆరువందల కిలోమీటర్ల పైన. విశాఖకి పోయే ఓడలు ఈ దీవులన్నిటికీ ఉత్తరం నుంచి చుట్టి పడమటికి పోతాయి. మూడో రోజంటే నడి బంగాళాఖాతంలో ఉండాలి. “మీరడిగే చోటు ఇది కాదమ్మా, చాలా దూరం” అన్నాడు పాపం, నిజాయితీగా.

“నీరు గదా బాబూ. అరవై ఏళ్ళు ఒక్క చోటే కూర్చుంటుందేటి?” అంది బాప్ప. “పడవ ఒక్క నిముషం ఆపగలవా?”

తెరచాప పడవని నడిసముద్రంలో ఆపడం అంటే లంగరు వెయ్యడం కాదు, అంత లోతులో లంగరు అందదు. అదొక కిటుకు. ముందున్న చిన్న తెరచాపని గాలికి ఎదురు బిగిస్తారు. పెద్ద తెరచాప పడవని ముందుకి తోస్తూంటే చిన్నది వెనక్కి తోస్తుంది. చుక్కానిని ఒక పక్కకి తిప్పి కట్టేస్తారు. రెండు గాలులూ ఒకదాన్నొకటి పట్టుకుంటే, పడవ ఉన్నచోటే ఊగుతూ నిలబడుతుంది. తుపాను గాలిలో ప్రాణం కాపాడుకోవడానికీ, అన్నం వండుకోవడానికీ నావికులు ఇలాగే చేస్తారట. సరంగు చుక్కాని దగ్గర నిలబడి కేక వేసేడు, కుర్రాడు తాడు లాగి బిగించేడు. అంతసేపూ పరుగెడుతున్న పడవ ఒక్కసారి నెమ్మదించి, నిలిచిపోయింది. ఏ చప్పుడూ లేదు.

వెనక మెట్ల మీదికి బాప్పని దింపేము. కుర్రాడు ఆవిడ నడుముకి మోకు కట్టి కొస తన మణికట్టుకి చుట్టుకున్నాడు. మునగడానికి సరంగు ఒప్పుకోలేదు. బక్కెట్టుతో నీళ్ళు తోడి నేను మూడుసార్లు నెత్తిన పోసేను. బక్కెట్టుతో సముద్రస్నానం చేయించిన ఘనత నాదే అనుకుంటాను. బాప్ప కొంగు ముడి విప్పింది. అందులో నువ్వులు, గుప్పెడు బియ్యం, పసుపు. శ్రీకాకుళంలోనే కట్టుకుని బయల్దేరిందన్నమాట. ఏం చెప్పుకుందో మాకు వినపడలేదు. దోసిలి నీళ్ళలో వదిలింది. నువ్వులు పడవ పక్కనే చాలాసేపు తేలుతూ ఉన్నాయి, మాతోపాటే ఊగుతూ. సరంగు టోపీ తీసి చేత పట్టుకున్నాడు. మావారు, అల్లుడు లేచి నిలబడ్డారు. ఒక నిముషం అడిగిన మనిషికి ఆయన పావుగంట ఇచ్చేడు. ఆవిడే, “ఇక పదండి బాబూ” అనేదాకా ఆగేడు.

ఆ తరవాత రోజున్నర మామూలు విహారమే. రాధానగర్ ఒడ్డు చూసేము. 2004లో ‘టైమ్’ పత్రిక ఆసియాలో మేటి అని మెచ్చుకున్న ఒడ్డు అదే. మెచ్చుకోవలసిందే. ఇసక మన సూర్యలంక, భీమిలిలాగా ముతక కాదు, జల్లించిన పిండి. వెనక్కి వచ్చేటప్పుడు గాలి మా వెనక ఉంది గనక పడవ ఎగిరినట్టే వచ్చింది. అమ్మాయి చుక్కాని పట్టింది. ఆడపిల్ల పడవ నడుపుతుందా అని మావారు ఆశ్చర్యపడితే, సరంగు మనవాళ్ళ కథే మాకు చెప్పేడు. ‘తారిణి’ అనే నౌకాదళం వారి తెరచాప పడవ, పొడవు 56 అడుగులు, గోవాలో కట్టింది. 2017 సెప్టెంబరు 10న అందులో ఆరుగురు ఆడపిల్లలు గోవాలో బయల్దేరి, భూమి చుట్టూ తిరిగి, 2018 మే 21న వచ్చేరు. 21,600 నాటికల్ మైళ్ళు. ఆ ఆరుగురిలో పాతర్లపల్లి స్వాతి మన విశాఖ అమ్మాయి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. బాప్ప విని, “ఆళ్ళ నానమ్మలు భయపడలేదా?” అని మాత్రం అడిగింది.

వెళ్ళదలచినవాళ్ళకి నాలుగు మాటలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. నైరుతి గాలులు మొదలయ్యాక వద్దు. పడవకి అనుమతి కాగితాలు, ప్రాణరక్షణ చొక్కాలు ఉన్నాయో లేదో డబ్బు కట్టకముందే అడగండి, మొహమాటపడకండి. గట్టి పెట్టెలు పనికిరావు, మెత్తటి సంచులు తీసుకెళ్ళండి. జోళ్ళు ఒడ్డునే విప్పించేస్తారు. ఖర్చు సంగతి దాచడమెందుకు, మనిషికి మావారి ఒక నెల పెన్షను అయింది. ఆ మాట విని మా ఎదురింటావిడ మూడు రోజులు మాతో మాట్లాడలేదు. షష్టిపూర్తి భోజనం ఎగ్గొట్టినందుకు మాత్రం ఇంకా దెప్పుతూనే ఉంది.

కుర్రాడు దిగేటప్పుడు బాప్పకి వాళ్ళమ్మ ఫోను నంబరు ఇచ్చేడు. ఇంటికి చేరిన మర్నాడే ఫోను చేసింది బాప్ప. నేను పక్కనే ఉన్నాను. ఊరు, వాడ, చుట్టరికాలు, వాడు తిన్నాడా చిక్కేడా, అన్నీ అరగంట అయ్యాయి. చివర్న ఆ తల్లి గొంతు నాక్కూడా వినపడింది. “సేపలు పట్టడు గదమ్మా. మరి ఆ పడవ మీద ఏటి సేత్తాడు మావోడు?”

“ఆపుతాడమ్మా” అంది బాప్ప. “ఆపమంటే ఆపుతాడు.”